గెట్ ఇన్ టచ్, రీచ్ ఔట్, టచ్ బేస్: ఆఫీసు మెయిల్లో ఏది ఎక్కడ?

ప్రశ్న:
అమెరికా క్లయింట్ల మెయిళ్ళలో ఈ మూడూ తరచూ కనిపిస్తాయి. అన్నిటికీ సంప్రదించడమనే అర్థమేనా? ఒకదాని బదులు ఇంకోటి రాయొచ్చా? ‘కాంటాక్ట్’ తర్వాత ‘టు’ పెట్టాలా, ‘విత్’ పెట్టాలా?

జవాబు 1:
‘కాంటాక్ట్’ క్రియ అయితే రెండూ అక్కర్లేదండీ. ‘ప్లీజ్ కాంటాక్ట్ మి’, అంతే. ‘అతనికి ఫోన్ చేశాను’లోని ‘కి’ మన నోట్లో ఉండిపోయి ‘కాల్డ్ టు హిమ్’ అనేస్తాం, అదీ తప్పే. నామవాచకమైతే మాత్రం ‘ఇన్ కాంటాక్ట్ విత్ హిమ్’.

ఇక ఆ మూడూ ఒకటి కావు. ‘గెట్ ఇన్ టచ్ విత్’ ఎవరికి రాసినా ఇబ్బంది లేదు. ‘రీచ్ ఔట్ టు’లో చొరవ తీసుకుని పలకరించడం ఉంది: పరిచయం లేనివాళ్ళకి రాసేటప్పుడు, సాయం అడిగేటప్పుడు. అమెరికాలో ఇది మామూలే, బ్రిటన్‌లో చాలామందికి కార్పొరేట్ భాషలా వినిపించి చిరాకు. ‘టచ్ బేస్ విత్’ ఇప్పటికే కలిసి పనిచేస్తున్నవాళ్ళతో, పని ఎందాకా వచ్చిందో కాసేపు మాట్లాడుకోవడానికి. కొత్తవాళ్ళకి మొదటి మెయిల్లోనే అలా రాస్తే, ఇదివరకు ఎప్పుడు మాట్లాడాం అని తికమకపడతారు.

జవాబు 2:
‘గెట్ హోల్డ్ ఆఫ్’ కూడా నేర్చుకోండి. దొరకని మనిషిని ఎలాగో పట్టుకోవడం అది. ‘ఐ కుడింట్ గెట్ హోల్డ్ ఆఫ్ హిమ్’ అంటే ప్రయత్నించినా దొరకలేదని. లైను కలవకపోతే ‘కుడింట్ గెట్ త్రూ’. ‘డ్రాప్ మి ఎ లైన్’ అంటే రెండు ముక్కలు రాయమని, ఫోన్ చేయమని కాదు. ఫోన్‌కైతే ‘గివ్ మి ఎ కాల్’. ‘గివ్ మి ఎ రింగ్’ బ్రిటన్‌లో ఎక్కువ. ‘పింగ్ మి’ (నాకో చిన్న మెసేజ్ పెట్టు అని) టీమ్ చాట్‌కి సరే, క్లయింటుకి పంపే మర్యాద మెయిల్లో వద్దు. కలుద్దాం అనడానికి ‘హుక్ అప్’ జోలికి అసలు పోకండి, అమెరికా వాడుకలో దానికి శారీరక సంబంధమనే అర్థం బలంగా ఉంది.

జవాబు 3:
నా దృష్టిలో వీటన్నిటికన్నా ముందు మానుకోవాల్సింది ‘ప్లీజ్ రివర్ట్’. మన ఆఫీసుల్లో అది జవాబివ్వమని. అమెరికా వాళ్ళకి పాత స్థితికి వెళ్ళిపోవడం. సాఫ్ట్‌వేర్ టీముకి రాస్తే, చేసిన మార్పు వెనక్కి తీయమన్నారనుకునే ప్రమాదం ఉంది. ‘ప్లీజ్ గెట్ బ్యాక్ టు మి బై ఫ్రైడే’ అని గడువుతో రాయండి. ఇంటర్వ్యూ చివర ‘వుయ్ విల్ బి ఇన్ టచ్’ అన్నారంటే మాట ఇచ్చినట్టు కాదు. అక్కడే ‘వెన్ కెన్ ఐ ఎక్స్‌పెక్ట్ టు హియర్ ఫ్రమ్ యు?’ అని అడగొచ్చు, అది మర్యాదైన ప్రశ్నే.