పేషెంట్లు పడిపోకుండా స్టాఫ్ అందరికీ కలిపి ట్రైనింగ్: అవసరమా?

గాజువాక సిస్టర్: మా ఆసుపత్రిలో (విశాఖలోనే, పేరు వద్దు) డాక్టర్లు, నర్సులు, ఫిజియో, ఆయాలు, హౌస్‌కీపింగ్ అందరినీ ఒకే గదిలో కూర్చోబెట్టి క్లాసు పెడతారట. నాకు ఇష్టమే. ఇన్నాళ్లూ నర్సులకే చెప్పారు. పేషెంటు పడిపోయే ప్రమాదం ఎంతో లెక్కేసే మోర్స్ స్కేల్ ప్రకారం ఇదివరకు పడ్డారా, వేరే జబ్బుందా, చేతికర్ర, సెలైన్, నడక, మతి చూసి మార్కులు వేస్తాం. 45 గానీ అంతకన్నా ఎక్కువ గానీ వస్తే ప్రమాదం ఎక్కువని ఫైల్లో రాస్తాం. ఆ ఫైలు ఆయా చూడదు. బాత్రూమ్‌కు తీసుకెళ్లేది మాత్రం ఆయాయే.

సీతమ్మధార వాసి: మంచం రెయిల్ ఎత్తడానికి ట్రైనింగ్ కావాలా? మా నాన్నగారు తెల్లవారుజామున 3 గంటలకు మంచం దిగబోయి పడ్డారు. తుంటి ఎముక విరిగింది. రెయిల్ దించేసి ఉంది. నన్ను వార్డులో ఉండనివ్వలేదు, కింద కుర్చీలో ఉన్నాను.

డ్యూటీ డాక్టర్: రెయిల్ ఎత్తినా పడతారండీ. మతి సరిగా లేనివాళ్లు రెయిల్ ఎక్కి దిగబోతే ఇంకా ఎత్తు నుంచి పడతారు. సాయంత్రం లాసిక్స్ (మూత్రం ఎక్కువగా వచ్చే మందు) ఇస్తే రాత్రి మూత్రానికి లేస్తారు, నిద్రమాత్ర వేసుకుంటే తూలతారు. గబుక్కున లేస్తే బీపీ పడిపోతుంది.

సీతమ్మధార వాసి: అంటే రెయిల్ అక్కర్లేదంటారు.

డ్యూటీ డాక్టర్: నేనలా అనలేదు.

సీతమ్మధార వాసి: అన్నారు. పైన చదవండి.

బీచ్‌రోడ్డు: రెయిల్ దగ్గరే ఆగిపోయారేంటి?

ఎన్ఏడీ కొత్తరోడ్డు: మా వార్డులో నైట్ 30 మంచాలకు ఇద్దరమే. ముందు మనుషుల్ని వేయమనండి.

డ్యూటీ డాక్టర్: అదీ నిజమే. ఎవరి పని వాళ్లకు విడిగా నేర్పితే చాలు. ఆయాకు లాసిక్స్ సంగతి ఎందుకు?

గాజువాక సిస్టర్: ఎందుకో చెప్తాను సార్. ఒక పెద్దావిడ గోడ పట్టుకుని నడుస్తోందని, చెప్పులు జారుతున్నాయని పగలే మా ఆయా చూసింది. రౌండ్స్‌లో చెప్పబోతే "నువ్వుండు" అన్నారు. ఆ రాత్రే ఆవిడ బాత్రూమ్ గడప దగ్గర పడింది, ఒక చెప్పు లోపల, ఒకటి బయట. రిపోర్టులో నా సంతకం, ఆయాకు మెమో. "నువ్వుండు" అన్న మాట ఏ కాగితంలోనూ లేదు.

డ్యూటీ డాక్టర్: ఇదా అసలు సంగతి! ట్రైనింగ్ పేరుతో డాక్టర్లను నిలబెట్టి అడగాలనా?

ఆయమ్మ కూతురు: మా అమ్మ 22 ఏళ్లు ఆయాగా చేసింది. పేషెంటు పడబోతే పట్టుకున్న సంగతి ఇంట్లో మాకు చెప్పేది, వార్డులో చెప్పేది కాదు. చెప్తే జీతం కోస్తారని భయం.

సీతమ్మధార వాసి: మా నాన్నగారు ముందురోజు కూడా ఒకసారి తూలారు. ఎవరైనా చూసే ఉంటారా సిస్టర్?

గాజువాక సిస్టర్: చూసే ఉంటారండీ. ఆసుపత్రి స్టాఫ్ కలిసి పనిచేయడం నేర్పే టీమ్‌స్టెప్స్ అని అమెరికాలో 2006లో వచ్చిన శిక్షణలో దీనికే ఒక పద్ధతి ఉంది. ప్రమాదం కనిపిస్తే ఎవరైనా సరే చెప్పాలి, వినకపోతే రెండోసారి చెప్పాలి, అప్పటికీ వినకపోతే పైవాళ్లకు చెప్పాలి. ఆయాకు విడిగా నేర్పితే ఆ రెండోసారి ఎవరికి చెప్తుంది సార్? వినాల్సినవాళ్లు కూడా ఆ గదిలో ఉండాలి.

డ్యూటీ డాక్టర్: మెమోలు ఉండవని ముందు రాసివ్వమనండి. అప్పుడు వస్తాను.

గాజువాక సిస్టర్: ఆయాకు కూడా ఉండవని రాయిస్తే నేనే అడుగుతాను.

ఆయమ్మ కూతురు: క్లాసు ఎన్నింటికి సిస్టర్? నైట్ డ్యూటీ దిగగానే పెడితే ఆయాలు కూర్చునే నిద్రపోతారు.

గాజువాక సిస్టర్: ఉదయం 8కి అన్నారు. మార్చమని రేపే చెప్తాను.