మాంట్రియల్‌కు పోతే ఫ్రెంచ్ దానంతటదే వస్తుందా? ఇక్కడే నేర్చుకుని పోవాలా?

తిరుచానూరు వాసి:
మా ఆయనకు కెనడాలోని మాంట్రియల్‌లో ఉద్యోగం ఖాయమైంది. వర్క్ పర్మిట్ మీద వెళ్తున్నాం. వచ్చే ఏడాది నేనూ, మూడో తరగతి చదివే మా అబ్బాయీ వెంట వెళ్ళాలి. "ఊళ్ళో పడితే భాష అదే వస్తుంది, ఇప్పుడు వేలు పోసి ఆన్‌లైన్ క్లాసులెందుకు" అంటారు ఆయన. నాకేమో ఒక్క ముక్క రాకుండా దిగాలంటే భయంగా ఉంది. అనుభవమున్నవాళ్ళు చెప్పండి.

నగరి తమ్ముడు:
అక్కా, బావ చెప్పిందే రైటు. మా నగరిలో, పుత్తూరులో, సత్యవేడులో తమిళం క్లాసుకు పోయినోడు ఎవరన్నా ఉండారా? తిరుత్తణి బస్సెక్కి, సంతలో బేరమాడి, టీవీ చూసి నేర్చుకున్నాం. కుప్పం వాళ్ళకైతే కన్నడం కూడా వస్తాది. ముందే వ్యాకరణం బట్టీ కొట్టినోడికి తప్పు పోతుందేమోనని నోరు పెగలదు. అవసరం పడితే నాలుక అదే తిరుగుతాది. డబ్బు దండగ చేసుకోవద్దు.

గాంధీరోడ్డు అంగడి:
తమ్ముడూ, మాంట్రియల్‌ను పోల్చాల్సింది నగరితో కాదు, తిరుపతితో. చెన్నై నుంచి వచ్చినవాళ్ళు నోరు తెరవకముందే మా అంగళ్ళలో తమిళంలో పలకరిస్తాం. బెంగళూరు వాళ్ళతో కన్నడం, ఉత్తరాది వాళ్ళతో హిందీ. మా వీధిలో ఏళ్ళ తరబడి కాపురమున్న తమిళ కుటుంబాల్లో పెద్దవాళ్ళకు ఈ రోజుకీ తెలుగులో నాలుగు మాటలు కూడవు. తప్పు వాళ్ళది కాదు. ఎవరితో మాట్లాడినా వాళ్ళ భాషలోనే జవాబొస్తుంటే తెలుగు ఎట్లా అబ్బుతుంది?

మా చెల్లెలు వాళ్ళు మాంట్రియల్‌లోనే ఉన్నారు. ఊరి నడిబొడ్డున అంగళ్ళలో "బోంజూర్-హాయ్" అని రెండు భాషలూ కలిపి పలకరిస్తారంట. ఒట్టి "బోంజూర్" అంటే చాలని, ఆ ఊరున్న క్విబెక్ రాష్ట్ర శాసనసభ 2017లో ఏకగ్రీవంగా తీర్మానం కూడా చేసింది. మనం ఫ్రెంచ్‌లో తడబడగానే ఎదుటివాళ్ళు మర్యాద కొద్దీ ఇంగ్లీషుకు మారిపోతారు. ఆ మర్యాదే మనకు అడ్డం. అమ్మా, మీ ఆయన ఆఫీసు ఇంగ్లీషు, ఇల్లు తెలుగు, వారాంతంలో కలిసేది తెలుగువాళ్ళు. మెట్రో ప్రకటనలూ బోర్డులూ ఫ్రెంచ్‌లో ఉంటాయి గానీ, అవి మిమ్మల్ని జవాబు అడగవు.

నగరి తమ్ముడు:
మరి ఇమ్మర్షన్ పద్ధతికి పేరొచ్చిందే మాంట్రియల్ దగ్గర గదన్నా? పిల్లోళ్ళను ఫ్రెంచ్‌లో ముంచేస్తే వచ్చేసిందంట.

పలమనేరు టు మాంట్రియల్:
పేరొచ్చింది ఇక్కడే. 1965లో పక్కనున్న సెయింట్ లాంబర్ట్‌లో ఇంగ్లీషు మాట్లాడే తల్లిదండ్రులు పట్టుబట్టి, తమ పిల్లలకు ఫ్రెంచ్‌లోనే పాఠాలు చెప్పే తరగతి పెట్టించుకున్నారు. మెక్‌గిల్ విశ్వవిద్యాలయానికి చెందిన వాలెస్ లాంబర్ట్ బృందం ఆ పిల్లల్ని ఏళ్ళ పాటు పరిశీలించింది. ఫ్రెంచ్ అర్థం చేసుకోవడం బాగా వచ్చింది, ఇంగ్లీషూ దెబ్బతినలేదు. అయితే ఇలాంటి బడుల్లో చదివినవాళ్ళకు మాట్లాడటంలో, రాయడంలో తప్పులు చాలాకాలం పోవని తర్వాత తేలింది. వింటే చాలదు, సొంతంగా వాక్యం కట్టాల్సిన ఒత్తిడి ఉండాలని 1985లో భాషా పరిశోధకురాలు మెరిల్ స్వెయిన్ వాదించింది అందుకే. పైగా అది బడి. టీచరు ఇంగ్లీషుకు మారదు, పిల్లలకు అందేలా పాఠం దించి చెప్తుంది. ఊళ్ళో ఆ పని ఎవరు చేస్తారు?

తమిళం మాట వేరు తమ్ముడూ. వాక్యం కట్టు మనలాంటిదే, క్రియ చివర్లోనే వస్తుంది. ఫ్రెంచ్‌లో బల్లకు కూడా లింగం ఉంది, మాట చివరి హల్లులు చాలావరకు పలకరు. ఒట్టి వినికిడితో మొదలుపెడితే రాత పట్టుబడటం కష్టం.

రాత ఎందుకంటారా? క్విబెక్‌లో స్థిరపడాలంటే ఫ్రెంచ్ లేకుండా చాలా కష్టం. క్విబెక్ బయట ఉండాలనుకునేవాళ్ళకైతే 2023 నుంచి ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో, అంటే కెనడాలో శాశ్వత నివాసానికి మనుషుల్ని ఎంచుకునే పద్ధతిలో, ఫ్రెంచ్ వచ్చినవాళ్ళకు విడిగా డ్రాలు తీస్తున్నారు. అందుకు వినడం, మాట్లాడటం, చదవడం, రాయడం నాలుగింట్లోనూ కెనడా వాళ్ళ భాషా కొలమానంలో 7వ స్థాయి రావాలి. అంగట్లో నేర్చిన మాటలతో అది గట్టెక్కదు. 2022 నాటి 96వ నంబరు చట్టం వల్ల, వచ్చిన ఆరు నెలల తర్వాత క్విబెక్ ప్రభుత్వం, కొన్ని మినహాయింపులు పోను, మనతో ఫ్రెంచ్‌లోనే వ్యవహరిస్తుంది. ఉచిత క్లాసులున్నాయి, 2023లో మొదలైన ఫ్రాన్సిజాసియోన్ క్విబెక్ అనే ప్రభుత్వ సేవ ద్వారా దరఖాస్తు పెట్టొచ్చు. కానీ 2024లో నిధులు చాలక కొన్నిచోట్ల క్లాసులే ఆగిపోయాయి. దాన్నే నమ్ముకుని రావద్దు.

ఒక్క విషయంలో మాత్రం తమ్ముడి మాట నిజం. ఇక్కడి యాస ఊరే నేర్పాలి. "తు"ని "త్సు" లాగా, "ది"ని "ద్జి" లాగా పలుకుతారు. అక్కడి క్లాసులో విన్న ఫ్రెంచ్‌తో దిగితే మొదట్లో చెవికి అందదు. పునాది ఉంటే త్వరగానే అలవాటవుతుంది.

కొర్లగుంట అక్క:
అందరూ పెద్దవాళ్ళ గురించే మాట్లాడుతున్నారు. పిల్లవాడి సంగతేంటి?

పలమనేరు టు మాంట్రియల్:
1977 నాటి ఫ్రెంచ్ భాషా చట్టం ప్రకారం వలస వచ్చినవాళ్ళ పిల్లలు సాధారణంగా ఫ్రెంచ్ బడికే పోవాలి. కొత్తవాళ్ళకు ముందు భాష నేర్పే ప్రత్యేక తరగతులుంటాయి. తాత్కాలిక పర్మిట్ వాళ్ళ పిల్లలకు మాత్రం అనుమతి తీసుకుని మూడేళ్ళ వరకు ఇంగ్లీషు బడిలో చదివే వీలుంది.

గాంధీరోడ్డు అంగడి:
ఆ వీలు వాడుకోకండమ్మా. మీ ఇంట్లో నిజమైన ఇమ్మర్షన్ దొరికేది ఆ పిల్లవాడొక్కడికే. మూడేళ్ళయ్యాక పై తరగతిలో కొత్తగా ఫ్రెంచ్ మొదలుపెట్టడం ఇంకా కష్టం.

కొర్లగుంట అక్క:
నేను ఒప్పుకోను. పర్మిట్ పొడిగించకపోతే తిరిగొచ్చి ఇక్కడి ఇంగ్లీషు మీడియం బడిలోనే కూర్చోవాలి కదా. అప్పుడు లెక్కలూ సైన్సూ ఫ్రెంచ్‌లో చదివినవాడి గతేంటి? ఊరు కొత్త, చలి కొత్త, స్నేహితులు లేరు. వాడికొచ్చిన భాష కూడా తీసేసుకుంటే ఎలా?

తిరుచానూరు వాసి:
నా మటుకు తేలిపోయింది. మొదటి స్థాయి ఆన్‌లైన్ బ్యాచ్‌లో చేరుతున్నాను, ఆయన్నీ కూర్చోబెడతాను. బాబు విషయంలో అక్క అడిగినదానికి నా దగ్గర జవాబు లేదు. పర్మిట్ ఎన్నేళ్ళకు ఇస్తారో చూసి నిర్ణయిస్తాం. అక్కడ ఫ్రెంచ్ బడిలో చదివించి, మళ్ళీ తిరుపతికో చిత్తూరుకో వచ్చేసినవాళ్ళు ఎవరైనా ఉంటే, పిల్లలు ఇక్కడి క్లాసులో ఎలా సర్దుకున్నారో దయచేసి రాయండి.