వీనస్ మాల్‌ఫార్మేషన్, ఫైబ్రినోజెన్ 85: ప్లేట్‌లెట్లు ఎక్కించాలా?

వార్డు_రెసిడెంట్:
ఆరేళ్ల పాప, 18 కిలోలు. ఒక తొడంతా పరుచుకున్న వీనస్ మాల్‌ఫార్మేషన్ (సిరలు అసహజంగా సాగిపోయి ఏర్పడిన లోపం). ప్లేట్‌లెట్లు 1.3 లక్షలు, ఫైబ్రినోజెన్ (రక్తం గడ్డకట్టడానికి కావలసిన ప్రోటీన్) డెసీలీటరుకు 85 మి.గ్రా., డి-డైమర్ మామూలుకన్నా పది రెట్లు. మూడు వారాల్లో స్క్లెరోథెరపీ (మందు ఎక్కించి ఆ సిరలను మూసే చికిత్స). కేస్ షీట్‌లో ‘కసాబాక్-మెరిట్’ అని ఉంది. ప్లేట్‌లెట్లు ఎక్కించి పంపితే సరిపోతుందా?

రక్తపరీక్ష:
ముందు ఆ పేరు కొట్టేయండి సర్. కసాబాక్-మెరిట్ వచ్చేది కపోసిఫార్మ్ హెమాంజియోఎండోథీలియోమా, టఫ్టెడ్ యాంజియోమా అనే రక్తనాళాల కణితుల్లో. అక్కడ కణితే ప్లేట్‌లెట్లను పట్టేస్తుంది, కౌంట్ తరచుగా 25 వేల లోపే ఉంటుంది. ఇక్కడ జరుగుతున్నది వేరు: సాగిపోయిన సిరల్లో రక్తం నిలిచి గడ్డకడుతూ, కరుగుతూ ఉంటుంది. ఆ పనికి ఫైబ్రినోజెన్ ఖర్చయిపోతుంది, కరిగిన తునకలే డి-డైమర్‌గా కనిపిస్తాయి. 1.3 లక్షలున్నప్పుడు ప్లేట్‌లెట్లు దండగ.

కావలసింది రక్తం గడ్డకట్టకుండా చూసే హెపారినే. రక్తస్రావం భయంతో దాన్నే ఆపేస్తుంటారు, అక్కడే చిక్కంతా. ఎనాక్సపారిన్ (హెపారిన్‌లో ఒక రకం) కిలోకు 0.5 మి.గ్రా. చొప్పున రోజుకు రెండుసార్లు, ప్రొసీజర్‌కు 10–14 రోజుల ముందు నుంచి. ముందు క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు పరీక్ష) చూసుకోండి. చివరి డోసుకూ ప్రొసీజర్‌కూ మధ్య కనీసం 12 గంటలు. రక్తస్రావం లేకుంటే మర్నాడు మళ్లీ మొదలుపెట్టి రెండు వారాలు కొనసాగించండి. అప్పటికీ ఫైబ్రినోజెన్ 100 దాటకపోతే క్రయోప్రెసిపిటేట్ (ఫైబ్రినోజెన్ ఎక్కువగా ఉండే రక్త భాగం) ఆలోచించవచ్చు. హెపారిన్ లేకుండా అదొక్కటే ఇస్తే గడ్డలకు మేత వేసినట్టే.

ఒక మాట: నీలిమూత సిట్రేట్ ట్యూబ్ గీతదాకా నిండిందా? సగమే నిండితే ఫైబ్రినోజెన్ ఉత్తినే తక్కువ చూపిస్తుంది.

డోసుల_లెక్క:
18 కిలోలకు పూటకు 9 మి.గ్రా. మందు మిల్లీలీటరుకు 100 మి.గ్రా. ఉంటుంది కాబట్టి 0.09 మి.లీ. యూ-100 ఇన్సులిన్ సిరంజిలో 9 యూనిట్ల గీత. పొరపాటున యూ-40 సిరంజి చేతికొస్తే అదే 9 యూనిట్ల గీత దగ్గర 0.225 మి.లీ., అంటే రెండున్నర రెట్ల డోసు. ఆర్డర్‌లో ‘9 యూనిట్లు’ అని రాయకండి, మి.గ్రా., మి.లీ. రెండూ రాయండి. ఇంజెక్షన్ మాల్‌ఫార్మేషన్ లేని తొడకు, చర్మం మడత పట్టి, తీశాక రుద్దొద్దు.

వార్డు_రెసిడెంట్:
ధన్యవాదాలండి. నిజంగా కసాబాక్-మెరిట్ అయితే?

రక్తపరీక్ష:
సిరోలిమస్, దానికి తోడు ప్రెడ్నిసలోన్. ప్లేట్‌లెట్లు రక్తం కారుతుంటేనో, ఆపరేషన్ తప్పకపోతేనో మాత్రమే. ఊరికే ఎక్కిస్తే కణితి ఇంకా ఉబ్బుతుంది. నెలల పిల్లల్లో సిరోలిమస్ పాత డోసు లెక్కన ఇస్తే రక్తంలో మందు స్థాయి ఎగబాకుతుంది, ట్రఫ్ (తర్వాతి డోసుకు ముందు ఉండే స్థాయి) చూసుకుంటూ పెంచండి.