మూడు వారాల్లో స్పెక్ట్రో అంకె తగ్గింది. గడ్డ తగ్గినట్టేనా?

కేఆర్ పురం మెస్సు:

నమస్కారం. నేను బెంగళూరులో కేఆర్ పురం దగ్గర ఆంధ్రా మెస్సు నడుపుతాను. చదువు ఇంటర్‌తోనే ఆగింది, తప్పులుంటే మన్నించండి.

మా బావమరిదికి 34 ఏళ్లు. మదనపల్లె టమాటా మండీలో లెక్కలు రాస్తాడు. మొన్న మార్చిలో వేలం జరుగుతుండగానే ఫిట్స్ వచ్చి పడిపోయాడు. ఇక్కడికి తీసుకొచ్చి ఎమ్మారై తీయిస్తే మెదడులో ఎడమవైపు ముందు భాగంలో గడ్డ ఉందన్నారు. కాంట్రాస్ట్ ఇంజెక్షన్ ఇచ్చినా అది మెరవలేదట. గడ్డలో ఏ రసాయనం ఎంత ఉందో ఎమ్మారై మిషన్‌తోనే చూసే స్పెక్ట్రో పరీక్ష కూడా చేసి కోలీన్-క్రియాటిన్ నిష్పత్తి 2.9, కోలీన్-ఎన్ఏఏ నిష్పత్తి 2.4 అని రాసిచ్చారు. ముక్క తీసి పరీక్షించాలని సర్జన్ అన్నారు.

మా అత్తగారు ససేమిరా అన్నారు. పల్లెలో ఎవరో ఇచ్చే పసరు తాగించారు. మూడు వారాల తర్వాత ఇంకో ఆసుపత్రిలో చూపిస్తే వాళ్లు మళ్లీ స్పెక్ట్రో చేశారు. ఈసారి 2.1, 1.3 వచ్చాయి. ఇంట్లో పండగే! ఆపరేషన్ వద్దంటున్నారు, ఫిట్స్ మాత్రలు కూడా మానేయిస్తామంటున్నారు. కానీ మొదటి రిపోర్టులో లేని మాట ఒకటి రెండోదాంట్లో ఉంది: గ్రాఫులో లిపిడ్ పీక్, అంటే కొవ్వు శిఖరం, కనబడుతోందని. ఫోనులో వెతికితే, కణాలు చచ్చిపోయిన చెడ్డ గడ్డల్లో అది వస్తుందని చూపిస్తోంది. ఒకపక్క అంకె తగ్గింది, ఇంకోపక్క కొత్త భయం పట్టుకుంది. దేన్ని నమ్మాలి?

అయస్కాంతం గది:

ముందు ఆ ఫిట్స్ మాత్రలు ఆపనివ్వకండి. డాక్టరు చెప్పేదాకా ఒక్క పూట కూడా. మిగతా సంగతులన్నీ దాని తర్వాతే.

నేను డాక్టరును కాను. మాది హిందూపురం, బెంగళూరులో ఎమ్మారై టెక్నాలజిస్టుగా పదకొండేళ్లయింది. స్పెక్ట్రో అంకె రక్తంలో చక్కెర అంకె లాంటిది కాదండీ. గ్రాఫు ఉన్న కాగితం మూలన చిన్న అక్షరాల్లో టీఈ అని ఉంటుంది, దాని పక్కన అంకె ఎంతో చూడండి. మిషన్ అయస్కాంతం బలం ఎన్ని టెస్లాలో చూడండి. గ్రాఫు పక్కన మెదడు బొమ్మ మీద చిన్న చతురస్రం గీసి ఉంటుంది, అది గడ్డలో ఎక్కడ కూర్చుందో చెప్పండి.

కేఆర్ పురం మెస్సు:

భూతద్దం పెట్టి చూశాను మేడమ్. మొదటిది 1.5 టెస్లా, టీఈ 144. చతురస్రం గడ్డ మధ్యలో ఉంది, కొలత 1.5 సెంటీమీటర్లు. రెండోది 3 టెస్లా, టీఈ 35. అది 2 సెంటీమీటర్లు, సగం గడ్డ మీద, సగం బయట ఉంది. ఒక అంచు పుర్రెకు ఆనుకున్నట్టే ఉంది.

అయస్కాంతం గది:

నేను అనుమానించింది ఇదే.

కోలీన్ కణాల పైపొరకు సంబంధించిన పదార్థం. కణాలు గబగబా పెరిగే చోట దాని పీక్ లేస్తుంది. ఎన్ఏఏ నాడీకణాల్లో ఉంటుంది, గడ్డ వాటిని తోసేసిన చోట పడిపోతుంది. క్రియాటిన్ కణాల శక్తి లెక్కకు సంబంధించింది. అది పెద్దగా మారదనుకుని దాన్ని కొలబద్దగా పెట్టుకుంటాం కానీ గడ్డల్లో అదీ మారుతుంది.

టీఈ అంటే సంకేతాన్ని అందుకునే ముందు మిషన్ ఆగే సమయం, మిల్లీసెకన్లలో. ఆ ఆగిన కాసేపట్లో ఒక్కో పదార్థం సంకేతం ఒక్కో వేగంతో చల్లారుతుంది. క్రియాటిన్ కోలీన్ కంటే త్వరగా చల్లారుతుంది. అందుకే అదే గడ్డను 144 దగ్గర చూస్తే కోలీన్-క్రియాటిన్ నిష్పత్తి పెద్దదిగా, 35 దగ్గర చూస్తే చిన్నదిగా వస్తుంది. పైగా 35 దగ్గర గ్లూటమేట్ లాంటి వేరే పదార్థాలు ఎన్ఏఏ కాళ్ల దగ్గర చేరి దాన్ని ఎత్తుగా చూపిస్తాయి. లిపిడ్ అన్నింటికంటే తొందరగా మాయమవుతుంది. 144 నాటికి చాలావరకు పోయేదే 35 దగ్గర దొరికిపోతుంది. ఆ చతురస్రాన్ని మేం బాక్సు అంటాం, అది పుర్రెకు ఆనితే నెత్తి చర్మం కింది కొవ్వు కూడా గ్రాఫులోకి జొరబడుతుంది. మీ లిపిడ్ పీక్ అదే అని నేను చెప్పలేను, దాన్ని చూసి చెడ్డ గడ్డ అనీ ఎవరూ చెప్పలేరు.

ఇక బాక్సు. మీరు మెస్సు వారు కాబట్టి ఇలా చెబుతాను. ఉప్పు ఎక్కువైన సాంబారులో ఉప్పు సరిపోయిన సాంబారు సగం కలిపి రుచి చూశారు, ఉప్పు తగ్గిందన్నారు. మొదటి గిన్నెలో ఉప్పు తగ్గిందా? ఉదాహరణకు గడ్డలో కోలీన్ 20, ఎన్ఏఏ 8 అనుకోండి, నిష్పత్తి 2.5. పక్క మెదడులో కోలీన్ 10, ఎన్ఏఏ 18 అనుకోండి. సగం సగం కలిస్తే 15కు 13, అంటే 1.15. పసరు అక్కర్లేదు, బాక్సు జరిపితే చాలు.

ఇంకో మాట, కాస్త కోపంగానే. మేం కొలిచే పదార్థాలు మెదడులోని నీటితో పోలిస్తే వేల వంతులు తక్కువ. అందుకే నీటి సంకేతాన్ని అణచి, 128 సార్లు విని సగటు తీస్తాం. ఒక్కోసారికి రెండు సెకన్లు వేసుకున్నా నాలుగు నిమిషాలు దాటుతుంది. అంతసేపూ తల కదలకూడదు. అప్పుడే బంధువులు బయట నుంచి తలుపు కొట్టి ఇంకెంతసేపని అడుగుతారు! పేషెంటు ఉలిక్కిపడతాడు, గ్రాఫులో పీకులు విడివిడిగా నిలబడక మట్టిగుట్టలా కలిసిపోతాయి. ఆ గుట్ట నుంచి కూడా కంప్యూటర్ ఒక నిష్పత్తి లెక్కగట్టి ఇస్తుంది.

మల్లేశ్వరం రసాయనం:

రిటైరైన కెమిస్ట్రీ లెక్చరర్‌ని. కళాశాలలో పరీక్షనాళికతో చేసే ఎన్ఎమ్మార్ ఇదే. అక్కడ నాళికలో ద్రావణం, ఇక్కడ మనిషి. పీక్ స్థానాలు మిషన్ బలంతో మారవు: కోలీన్ 3.2, క్రియాటిన్ 3.0, ఎన్ఏఏ 2.0 పీపీఎం (గ్రాఫు అడ్డగీత మీది కొలత). సంకేతం పౌనఃపున్యం 1.5 టెస్లాలో 64 మెగాహెర్ట్జ్, 3 టెస్లాలో 128 కాబట్టి రెండోదాంట్లో పీకులు ఇంకా ఎడంగా నిలబడతాయి, అంతే తేడా.

ఒక సందేహం. ఐడీహెచ్ అనే జన్యువు మారిన గ్లయోమాల్లో (ఒక రకం మెదడు గడ్డల్లో) 2-హైడ్రాక్సీగ్లూటరేట్ అనే పదార్థం పేరుకుంటుందని 2009లో తేలింది కదా. అది 2.25 దగ్గర కనిపించాలి. ముక్క తీయకుండా స్పెక్ట్రోతోనే పట్టుకోలేరా?

సర్జాపుర నుంచి:

మా అమ్మకు ఇలాగే గడ్డ అని భయపెట్టారు. స్పెక్ట్రోలో లిపిడ్ పీక్ పెద్దగా వచ్చింది. చివరికి టీబీ గడ్డ అని తేలి, మందులతో తగ్గింది. మీరూ ఆ కోణంలో అడగండి.

అయస్కాంతం గది:

అడగడంలో తప్పులేదు, టీబీ గడ్డలో లిపిడ్ ఎక్కువగా ఉండే మాట నిజం. కానీ టీబీ గడ్డ సాధారణంగా కాంట్రాస్ట్ ఇస్తే ఉంగరంలా మెరుస్తుంది. వీళ్లది మెరవలేదంటున్నారు. ఇక్కడ చదివి టీబీ మందులు మాత్రం మొదలుపెట్టించకండి. కోలీన్ కూడా గడ్డకే సొంతం కాదు, నరాల పైతొడుగు దెబ్బతినే కొన్ని జబ్బుల్లోనూ పెరుగుతుంది.

మాస్టారూ, పట్టుకోవచ్చు, కానీ మామూలు స్పెక్ట్రోతో కాదు. 2.25 దగ్గర గ్లూటమేట్, గ్లూటమిన్ దాని మీదే కూర్చుంటాయి. 3 టెస్లాలో టీఈ 97 లాంటి ప్రత్యేక అమరికతో, విడిగా లెక్కగట్టే సాఫ్ట్‌వేర్‌తో చేయాలి. చిన్న గడ్డల్లో అదీ తప్పిపోతుంది. ఎలాగూ 2021 నాటి ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణలో గ్లయోమా పేరు పెట్టాలంటేనే ఐడీహెచ్ సంగతి తేలాలి, అది ముక్కలో చూస్తారు. ముక్క ఎక్కడి నుంచి తీయాలో చెప్పడానికి స్పెక్ట్రో బాగా పనికొస్తుంది. కోలీన్ ఎక్కువున్న చోటు చూపిస్తుంది.

మెస్సు గారూ, రెండు సీడీలూ ఒకే రేడియాలజిస్టు ముందు పెట్టండి. గడ్డ కొలతలు పోల్చమని అడగండి. నిష్పత్తులు పోల్చమనకండి.

కేఆర్ పురం మెస్సు:

పోల్చి చూశారు. అప్పుడూ 31 మిల్లీమీటర్లే, ఇప్పుడూ 31 మిల్లీమీటర్లే. లిపిడ్ పీక్ చూసి రేడియాలజిస్టు పెదవి విరిచి, బాక్సు ఇక్కడ పెట్టకూడదన్నారు. మాత్రలు ఆపలేదు.

మా అత్తగారికి సాంబారు లెక్క చెప్పాను. "సాంబారు సంగతి నువ్వు నాకు చెబుతావా" అని కసిరి, కాసేపటికి ఆసుపత్రిలో పేషెంటు తోడుగా ఎంతమందిని ఉండనిస్తారని అడిగారు. గురువారం ఉదయం ఎనిమిదింటికి చేర్చుకుంటారు. మెస్సు శనివారం దాకా మూత.