ట్వైలైట్ జోన్ రెండో సీజన్‌లో కొన్ని కథలు స్టేజీ నాటకంలా ఎందుకున్నాయి?

రేగుపండు:
మా అమ్మాయీ నేనూ రాత్రి భోజనాలయ్యాక ‘ద ట్వైలైట్ జోన్’ అనే పాత అమెరికన్ టీవీ సీరియల్, ఎపిసోడ్‌కో వింత కథ, రోజుకొకటి చూస్తున్నాం. మొదటి సీజన్ అంతా సినిమాలా ఉంది. రెండో సీజన్‌లో ‘ద లేట్‌నెస్ ఆఫ్ ద అవర్’ మొదలవగానే మా అమ్మాయి "ఇదేంటమ్మా, పాత దూరదర్శన్ నాటకంలా ఉంది?" అంది. నిజమే, మనుషులు గోడకి అతికించినట్టు కనిపించారు. తర్వాతి ఎపిసోడ్ మళ్లీ మామూలే. ప్రింటు పాడైందా, తీయడమే అలా తీశారా?

పాత ఎడిటర్:
ప్రింటు తప్పు కాదండీ. అది ఫిల్మ్ మీద తీసింది కాదు, వీడియోటేప్. నేను 1990లలో హైదరాబాద్‌లో సీరియళ్లకి యూమాటిక్ అనే వీడియో క్యాసెట్ల మీద ఎడిటింగ్ చేశాను. అందుకే ఆ తేడా మొదటి షాట్‌లోనే పట్టేశాను.

ఒక్కో ఎపిసోడ్‌కి సుమారు 65,000 డాలర్లు అయ్యేది. ఖర్చు తగ్గించాలని దాన్ని ప్రసారం చేసే సీబీఎస్ చానెల్ పట్టుబట్టడంతో రెండో సీజన్‌లో ఆరు కథల్ని సీబీఎస్ టెలివిజన్ సిటీ స్టూడియోలో టేప్ మీద తీశారు. మీరు చూసింది కాక ‘స్టాటిక్’, ‘ద హోల్ ట్రూత్’, ‘ద నైట్ ఆఫ్ ద మీక్’, ‘ట్వెంటీ టూ’, ‘లాంగ్ డిస్టెన్స్ కాల్’.

ఫిల్మ్‌కి షాటు షాటుకీ లైట్లు మార్చుకుంటారు. ఇక్కడ నాలుగు కెమెరాలు ఒకేసారి తిరుగుతుంటే డైరెక్టర్ కంట్రోల్ రూమ్‌లో కూర్చుని ఒకదాన్నుంచి ఇంకోదానికి మారుస్తాడు. ఏ కెమెరాకీ ఇబ్బంది రాకుండా లైటు అంతటా ఒకేలా వెయ్యాలి. మీ అమ్మాయి కనిపెట్టింది అదే. అవుట్‌డోర్ కూడా లేదు. ‘ద హోల్ ట్రూత్’లో పాత కార్లు అమ్మే స్థలం సైతం ఫ్లోర్ మీద వేసిన సెట్టే.

నన్ను కదిలించేది మాత్రం ఆనాటి ఎడిటింగ్. ఫిల్మ్‌ని లైటుకి ఎదురుగా పట్టుకుంటే బొమ్మ కనిపిస్తుంది, ఎక్కడ కత్తిరించాలో తెలుస్తుంది. టేప్‌లో ఏం కనిపిస్తుంది? రెండంగుళాల వెడల్పున్న గోధుమరంగు పట్టీ, అంతే. సన్నని ఇనప పొడి కలిపిన ద్రవం దాని మీద రాస్తే అయస్కాంతపు గీతలు పైకి తేలేవి. ఆ గీతల మధ్య బ్లేడుతో కోసి అతికించేవాళ్లు. పైగా టేప్ మీద శబ్దం, బొమ్మ పక్కపక్కన ఉండవు. రెంటికీ మధ్య అర సెకను పైనే దూరం. బొమ్మ దగ్గర సరిగ్గా కోశామనుకుంటే మాట మధ్యలో తెగుతుంది. అందుకే వీలైనంత వరకు కోయకుండా, లైవ్ ప్రోగ్రామ్‌లా ఏకబిగిన తీసేవాళ్లు. నటుల మీద ఎంత టెన్షన్ ఉండి ఉంటుందో!

ఇంతా చేసి ఆరింటికీ కలిపి మిగిలింది సుమారు 30,000 డాలర్లు. ఒక్క ఎపిసోడ్ ఖర్చులో సగం కూడా కాదు. ఆ ఆరింటితో ఆపేశారు. తర్వాత మళ్లీ మళ్లీ ప్రసారం చేయడానికి టేపుల్ని 16 ఎంఎం ఫిల్మ్‌లోకి ఎక్కించారు. బొమ్మలో కనిపించే మసక కొంత అక్కడిది.

నీలిదీపం:
ఎడిటర్ గారూ, బ్లేడు సంగతి నాకు తెలియదు, చాలా థాంక్స్.

రేగుపండు గారూ, మీరు ‘ఐ ఆఫ్ ద బిహోల్డర్’ ఎపిసోడ్ ఇప్పటికే దాటేశారు కాబట్టి చెప్తున్నా. మీరడిగిన ఎపిసోడ్ కంటే సరిగ్గా మూడు వారాల ముందు, 1960 నవంబర్ 11న వచ్చింది. ఇంకోసారి చూడండి. డాక్టర్లూ నర్సులూ చివరిదాకా నీడలోనే తిరుగుతారు, ఒక్క ముఖం బయటపడదు. నాలుగు కెమెరాల సెట్టు మీద అది కుదరదు. కెమెరామన్ జార్జ్ క్లెమెన్స్‌కి 1961లో ఈ సిరీస్‌కే ఎమ్మీ టీవీ అవార్డు వచ్చింది. అందులో పేషెంటు ముఖానికి ఉన్న కట్ల వెనక ఉన్నది మాక్సీన్ స్టువర్ట్, విప్పాక కనిపించేది డోనా డగ్లస్. మాక్సీన్ మాట తీరుని డోనా సెట్లో విని పట్టేసింది, చివరి మాటలు తనే చెప్పింది.

పాత ఎడిటర్:
అవునండీ, అది టేప్ మీద తీసుంటే మొదటి నిమిషంలోనే గుట్టు బయటపడేది. కానీ ‘ద నైట్ ఆఫ్ ద మీక్’ని టేప్ అని వదిలేయకండి. అందులో తాగుబోతు శాంటాగా వేసిన ఆర్ట్ కార్నీ, ‘ద హనీమూనర్స్’ అనే కామెడీ సీరియల్‌లో ఎదురుగా జనం కూర్చుని ఉండగా నటించినవాడు. ఆపకుండా తీసే పద్ధతి అతనికి అలవాటే. కెమెరా అతని ముఖం మీద నిలబడినప్పుడు వెనక గోడ ఎలా ఉందో నాకు గుర్తే రాదు.

రేగుపండు:
అయితే రేపు రాత్రికి అదే. టేప్ సంగతి మా అమ్మాయికి ముందు చెప్పను, తనే పట్టుకుంటుందేమో చూస్తాను.