ఆయిల్‌పామ్ తోటలో దురద గొంగళి: ట్రైకో కార్డులు కట్టినా ఒక్క పురుగూ చావలేదు

నర్సంపేట రైతు:
అందరికీ నమస్కారం. మా ఆయిల్‌పామ్ తోటలో మట్టల అడుగున ఆకుపచ్చగా, ఒళ్ళంతా ముళ్ళతో ఉన్న గొంగళి పురుగులు చేరి, ఈనె మాత్రమే మిగిలేలా ఆకును తినేస్తున్నాయి. మట్టలు నరకడానికి వచ్చిన ఇద్దరు కూలీలకు అవి తగిలిన చోటల్లా మంట పుట్టి దద్దుర్లు పొంగాయి, అప్పటి నుంచి ఆ తోటలోకి రావడానికి ఎవరూ ఒప్పుకోవడం లేదు. ఇది విదేశాల నుంచి కొత్తగా వచ్చిన పురుగని ఊళ్ళో అందరూ అంటున్నారు. పరాన్నజీవి కందిరీగలతో దీన్ని అదుపు చేయవచ్చని చదివి, ట్రైకో కార్డులు (ట్రైకోగ్రామా అనే చిన్న కందిరీగ పెరిగే గుడ్లు అంటించిన అట్టముక్కలు) తెప్పించి కట్టి పన్నెండు రోజులైంది, ఒక్క పురుగు కూడా చావలేదు. రాత్రంతా వెతికితే హవాయి దీవుల్లో ఇలాంటి దురద పురుగునే ఒక కందిరీగతో అణచివేశారని తెలిసింది. ఆ కందిరీగలు మన దగ్గర ఎక్కడ అమ్ముతారో తెలిసినవారు దయచేసి చెప్పండి.

మహబూబాబాద్ తోట:
ఆ కార్డుల్లోని ట్రైకోగ్రామా కందిరీగ పురుగు పెట్టిన గుడ్డు మీద పనిచేస్తుంది, ఎదిగిన పురుగు మీద పనిచేయదు. ఎన్ని కార్డులు కట్టారో, ఏ పూట కట్టారో, వాటికి ముందూ వెనకా ఏ మందు పిచికారీ చేశారో రాయకుండా అడిగితే ఎవరూ ఏమీ చెప్పలేరు.

విశ్రాంత విస్తరణాధికారి:
తమ్ముడూ, హవాయి సంగతి పూర్తిగా తెలుసుకున్నాక ఆ ఆలోచన మీరే మానుకుంటారు. అక్కడ 2001లో కుండీల్లో పెంచే అలంకరణ తాటి మొక్కల మీద బయటపడిన ఆ పురుగు పేరు డార్నా పల్లివిట్టా, దాని స్వస్థలం ఆగ్నేయాసియా. దాని సహజ శత్రువు కోసం తైవాన్ వెళ్ళి, గొంగళి పురుగును కుట్టి దాని ఒంటి మీదే గుడ్లు పెట్టే ఆరోప్లెక్ట్రస్ డైమెరస్ అనే కందిరీగను తెచ్చారు. అయినా దాన్ని వెంటనే తోటల్లో వదలలేదు. మూసిన ప్రయోగశాలలో పెంచి, మేలు చేసే ఇతర సీతాకోక చిలుకల జోలికి పోదని ఏళ్ళ తరబడి పరీక్షించి 2010లో వదిలారు. మన దేశంలో 2003 నాటి మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు ప్రకారం అనుమతి లేకుండా బయటి దేశపు కీటకాన్ని తేవడం నేరం. బొప్పాయి పిండినల్లి మీదికి 2010లో ప్యూర్టోరికో నుంచి అసెరోఫేగస్ పపాయే కందిరీగను తెప్పించింది ప్రభుత్వ సంస్థే, అదీ క్వారంటైన్ దాటించాకే. ఇది ఒక రైతు పార్సిల్‌లో తెప్పించుకునే వస్తువు కాదు.

కీటకశాస్త్ర విద్యార్థిని, హనుమకొండ:
రైతు గారూ, మీరు చెప్పిన లక్షణాలకు సరిపోయేది పరాసా లెపిడా. నీలి రంగు చారలున్న ఆ ఆకుపచ్చ పురుగు విదేశీ పురుగు కాదు, తరతరాలుగా మన ఆముదం, మామిడి, కొబ్బరి మీద బతుకుతున్నదే. ఊరిదే అయితే దాన్ని తినే కందిరీగలు కూడా ఊళ్ళోనే ఉంటాయి కాబట్టి, కొనడం కంటే ఉన్నవాటిని కాపాడుకోవడమే మీకు దారి. మీ పురుగుకు వీపు మీద నీలి చారలు ఉన్నాయా?

భాషాభిమాని, కాజీపేట:
ఒక మాట సరిచేయవలసి ఉంది. పేను, నులిపురుగు వంటివి పరాన్నజీవులు, అవి ఆశ్రయమిచ్చిన ప్రాణిని బతకనిస్తూనే దాని మీద బతుకుతాయి. ఈ కందిరీగ పిల్ల తనకు తిండి పెట్టిన పురుగును చివరికి చంపే తీరుతుంది. వ్యవసాయ పుస్తకాల్లో వాడే ‘బదనిక’ అనే మాటే దీనికి తగినది.

విశ్రాంత విస్తరణాధికారి:
బదనిక అంటే మామిడి కొమ్మ మీద మొలిచే మొక్క. అది కూడా చెట్టును బతకనిచ్చేదే కదా, ఆ లెక్కన మీ మాట కూడా నిలవదు. నా ఉద్యోగ కాలమంతా ‘గుడ్డు పరాన్నజీవి’ అనే చెప్పాను, రైతులకు అర్థమైంది.

కీటకశాస్త్ర విద్యార్థిని, హనుమకొండ:
ఏ పేరు పెట్టినా ‘గుడ్డు’ అనే మాటను మాత్రం వదలవద్దని నా మనవి, ఎందుకంటే ఇక్కడ రైతు గారు నష్టపోయింది ఆ ఒక్క మాట తెలియకే.

నర్సంపేట రైతు:
చారలు ఉన్నాయి, పురుగులు బొటనవేలి పొడవున్నాయి. నాలుగు ఎకరాలకు రెండు కార్డులు మధ్యాహ్నం కట్టాను. కార్డులు కట్టడానికి మూడు రోజుల ముందు ప్రొఫెనోఫాస్ అనే పురుగుమందు పిచికారీ చేశాను. కార్డులు అమ్మిన దుకాణంలో ఇవేవీ అడగలేదు, అందుకే ఇక్కడ కూడా రాయలేదు.

మహబూబాబాద్ తోట:
కందిరీగలు చచ్చింది ఆ మందుతోనే.

కీటకశాస్త్ర విద్యార్థిని, హనుమకొండ:
ఒక మిల్లీమీటరు కూడా లేని ఆ కందిరీగకు మూడు రోజుల నాటి మందు అవశేషం చాలు. ఒక్కో కార్డు మీద సుమారు ఇరవై వేల గుడ్లు ఉంటాయి, నాలుగు ఎకరాలకు రెండు కార్డులు ఏ మూలకూ చాలవు. కార్డును సాయంత్రం పూట, చీమలు ఎక్కకుండా, ఆకు అడుగున కట్టాలి. ఇవన్నీ సరిగ్గా చేసినా, బొటనవేలంత ఎదిగిన పురుగును అది ఏమీ చేయలేదు.

ఇప్పుడు చేయవలసింది గూళ్ళను చూడడం. ఈ పురుగు మట్ట మొదట్లో, కాండం మీద పెంకులాంటి గట్టి గూడు కట్టుకుంటుంది. గూటి పైభాగం గుండ్రటి మూతలా తెరుచుకుని ఉంటే రెక్కల పురుగు వెళ్ళిపోయిందని అర్థం, సూది బెజ్జం వంటి రంధ్రాలుంటే అందులోంచి కందిరీగలు వచ్చాయని అర్థం. తెరుచుకోని గూళ్ళను పట్టకారుతో తీసి బకెట్‌లో వేసి, సన్నటి కందిరీగ దూరేంత, రెక్కల పురుగు దూరలేనంత కన్నులున్న జల్లెడతో మూసి తోటలోనే నీడన ఉంచండి. గూటి మీద కూడా ముళ్ళుంటాయి కనుక చేతి తొడుగులు లేకుండా ముట్టుకోవద్దు. తల్లి పురుగులు ఆకు అడుగున పొలుసుల్లా పేర్చిన గుడ్ల నుంచి పిల్లలు వచ్చి, గుంపుగా ఆకును గీకుతున్నప్పుడే ఆ ఆకులు కత్తిరించి నాశనం చేయాలి. మిగిలిన పిల్ల పురుగుల మీద బీటీ మందును (బాక్టీరియాతో చేసిన జీవ పురుగుమందు) సాయంత్రం పిచికారీ చేస్తే కందిరీగలకు హాని ఉండదు. రాత్రిపూట దీపపు ఎర కూడా పెట్టండి.

ఆయిల్‌పామ్‌లో ఘాటు మందులు వద్దనడానికి ఇంకొక కారణం ఉంది. పూలకు పరాగసంపర్కం చేసేది ఆఫ్రికా నుంచి తెచ్చి వదిలిన చిన్న ముక్కుపురుగు, అది పోతే గెలలో గింజ కట్టదు.

విశ్రాంత విస్తరణాధికారి:
కూలీల మాట ఎవరూ ఎత్తలేదు. ముల్లు గుచ్చుకున్న చోట రుద్దకూడదు. అంటుకునే టేపు వేసి లాగితే ముళ్ళు ఊడి వస్తాయి, తర్వాత సబ్బుతో కడిగి చల్లటి గుడ్డ పెట్టాలి. ఊపిరి ఆడకపోయినా, ముఖం వాచినా వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్ళండి. పురుగును సీసాలో వేసి పెదవేగిలోని ఆయిల్‌పామ్ పరిశోధన సంస్థకు గానీ దగ్గరలోని కృషి విజ్ఞాన కేంద్రానికి గానీ చూపించి పేరు ఖాయం చేసుకోండి.

భాషాభిమాని, కాజీపేట:
‘గొంగళి’ అన్నది వెంట్రుకల పురుగుకు చెల్లుతుంది, దీన్ని ‘ముళ్ళ పురుగు’ అనడమే సబబు. పేరు తప్పితే మందు కూడా తప్పుతుందని ఈ చర్చే చెబుతోంది.

నర్సంపేట రైతు:
ఈ రోజు నలభై గూళ్ళు తీశాను, వాటిలో పదకొండింటికి సన్న రంధ్రాలున్నాయి. మిగిలినవి బకెట్‌లో ఉంచాను. అందరికీ ధన్యవాదాలు.

పరకాల రైతు:
మా ఆముదం చేనులో కూడా ఇలాంటి గూళ్ళే కనిపిస్తున్నాయి, కానీ పురుగుకు చారలు పసుపు రంగులో ఉన్నాయి. ఇది కూడా అదేనా?