సమస్యాపూరణం: పిట్ట తిన్న చేను పెక్కు పండె

సూళ్లూరుపేట మాస్టారు:
ఈ వారం సమస్య ఆటవెలదిలో చివరి పాదం, పై మూడు పాదాలూ మీరు పూరించాలి.
"పిట్ట తిన్న చేను పెక్కు పండె"
పిట్ట తినిపోయాక మిగిలేది గడ్డే కదా, పండడమేమిటి? అదీ చిక్కు. భూతదయ మీద రాస్తే సంతోషం. ఉపన్యాసం మాత్రం వద్దు.

కావలి కుర్రాడు:
పాలకంకి మీద చిలకలు దిగిన రోజున ఈ పాదం చదివితే మా నాన్న వడిసెల నా మీదికే తిప్పుతాడు మాస్టారూ. అయినా రాశాను.

మందు కొట్టలేదు మా యూరి చేలలో
కొంగ దిగెను, గోరువంక దిగెను
ఆకుముడత పురుగు నంతయు నేరుచున్
పిట్ట తిన్న, చేను పెక్కు పండె

మాస్టారు:
పిట్ట తిన్నది పురుగునని విరిచావు, బాగుంది. కానీ రెండో పాదంలో యతి పోయింది నాయనా. పాదం మొదటి 'కొ'కి జత కుదరాల్సిన చోట, నాలుగో గణం మొదట, 'వం' పడింది. మాటలు కాస్త జరుపు: "కొంగ వచ్చె, వెనుక గోరువంక".

దొరవారిసత్రం రైతు:
నేలపట్టు చెరువు నిండగా చెట్టుపై
గూడబాతు వచ్చి గూడు కట్టె
నీటి కెరువు రెట్ట, నిత్యమ్ము చేపలన్
పిట్ట తిన్న, చేను పెక్కు పండె

మాస్టారు:
యతులన్నీ కుదిరాయి. నేలపట్టును 1976లో పక్షుల అభయారణ్యం చేశారు గానీ, రెట్ట కలిసిన ఆ చెరువు నీళ్లు పైరుకు బలమని నాకు చెప్పింది మీ రైతులే. జనవరిలో వెళ్తే నీళ్లలో నిలబడ్డ కడప చెట్లు సున్నం కొట్టినట్టుంటాయి, ఒకటే చేపకంపు. తల్లి గూడబాతు (పెలికాన్) ముక్కు తెరవగానే పిల్ల ఆ ముక్కు కింది సంచిలోకి మెడదాకా దూరిపోతుంది. మింగేసిందేమోనని నాకు టెన్షన్!

కందుకూరు కోడలు:
ఒక్క సందేహం మాస్టారూ. ఇద్దరూ 'తిన్న' అంటే 'తింటే' అని తీసుకున్నారు. తింటే 'పండును' కదా, 'పండె' ఎలా అవుతుంది? నేను విరవకుండా రాశాను.

కోతనాడు తాత కుచ్చుగా కంకులన్
చూరు కింద కట్టి చూసి నవ్వె
ఏటికేడు వచ్చి యింటిలో నొకటిగా
పిట్ట తిన్న చేను పెక్కు పండె

కావలి కుర్రాడు:
అక్కా, పిట్ట తిన్నది చూరు కింద. చేను తిన్నదంటే ఎలా?

కందుకూరు కోడలు:
ఆ గింజ ఏ చేనిది తమ్ముడూ?

మాస్టారు:
అమ్మా, ఆ 'తిన్న' తప్పు నా పాదంలోదే, నా ఖాతాలో రాసుకోండి. 'కింద', 'చూసి' గ్రాంథికం కాదని ఎవరైనా పట్టుబడితే పట్టుబడనీ, తాత నవ్వు కోసం నేను వదిలేస్తాను. ఈ వారం నా ఓటు దీనికే.

వచ్చే వారానికి: "చేప యెగిరి చెట్టు చేరి పాడె". గూడబాతు నోట్లో పెట్టి ఎగరేస్తానంటే కుదరదు రైతుగారూ, పాట కూడా పాడించాలి.